పుండుకు జెల్ పెట్టింది నేనే, తప్పంతా నాదేనా?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు రాయొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

ఆమెకు నలభై దాటాయి. ఇంట్లోనే మిషన్ కుడతారు. అత్తగారికి అరవై ఏడేళ్లు, పద్దెనిమిదేళ్లుగా షుగర్ ఉంది. పాదాలకు చాలాకాలం క్రితమే స్పర్శ పోయింది. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఒక ఆనె కట్టి, అది పగిలి పుండైంది. నాలుగు నెలలైనా మానలేదు. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు రోజు విడిచి రోజు వచ్చి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నురగ వచ్చేలా కడిగి, పౌడర్ చల్లి, పొడి దూది పెట్టి కట్టు కట్టేవారు. పుండు ఎండి, మీద నల్లటి పక్కు కట్టింది కానీ మానలేదు. అప్పుడు డల్లాస్‌లో ఉన్న మరిది పుండ్లకు వాడే హైడ్రోజెల్ ట్యూబులు ఒక డబ్బా పంపి, ఎలా వాడాలో వీడియో కాల్‌లో చూపించాడు. ఆ పని ఈమె మీద పడింది. మొదటి రెండు వారాలు చక్కగా జరిగింది. నల్లటి పక్కు మెత్తబడి ఊడిపోయి, కింద ఎర్రటి కండ కనబడింది. ఆ తర్వాత రసి కారడం ఎక్కువైంది. ఈమె జెల్ పెట్టడం మానలేదు. పుండు అంచులు నానిపోయి తెల్లబడ్డాయి, వాసన మొదలైంది. జ్వరం లేదంటున్నారు.

ఇప్పుడు ఆర్‌ఎంపీ డాక్టరు "పుండుకి తడి తగలనివ్వొచ్చా, ఎవరు చెప్పారమ్మా నీకు?" అంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న ఆడపడుచు ఫోన్ చేసి, "అమ్మ కాలు తీసేయాల్సొస్తే దానికి నువ్వే జవాబు చెప్పాలి వదినా" అంది. భర్త ఏమీ మాట్లాడడు. డైపర్‌లోని పొడి తడిని బాగా పీలుస్తుందని ఎక్కడో వీడియోలో చూశాడట, అది చల్లి చూద్దామంటున్నాడు. మరిది, కండ పెంచే మందు కలిసిన మరో జెల్ ఉందట, అది పంపిస్తానంటున్నాడు. అత్తగారేమో "ఈ అమెరికా జిగురు నాకొద్దు, ఆకు పసరు కట్టించండి" అంటున్నారు. ఇంట్లో చెప్పులేసుకోమంటే కోపం, పూజగది ఉన్న ఇంట్లో చెప్పులేమిటని. "నేను చేసింది తప్పా? ఇక మానేయనా? మానేస్తే వదిలేసిందంటారు, చేస్తే పాడుచేసిందంటారు" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. రసి పెరగడం, కొత్తగా వాసన రావడం చూస్తే ఆ కాలిని డాక్టరు చూడాలి. రేపో ఎల్లుండో చూపించండి, వచ్చే వారానికి వాయిదా వేయకండి. షుగర్ పాదంలో చీము పట్టినా జ్వరం రావాలని లేదు, నొప్పి తెలియాలనీ లేదు. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, పాదం వాచి వేడిగా ఉన్నా, వేలు నల్లబడుతున్నా, ఎప్పుడూ లేనంతగా షుగర్ పెరిగినా, చలిజ్వరం వచ్చినా రేపటిదాకా కూడా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నేను కింద రాసేదంతా ఆ పరీక్ష జరిగాక ఆలోచించుకోవడానికి.

ఇక మీ ప్రశ్న. చాలా ఏళ్లు సర్జికల్ వార్డులో నర్సుగా పనిచేసిన దాన్ని కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను, ఇంట్లో నలుగురికీ మీరే చెప్పాల్సి వస్తుంది కనుక.

పుండు ఆరితేనే మానుతుందని మన అందరి ఇళ్లలోనూ అంటారు. 1962లో ఇంగ్లండ్‌లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద లోతులేని గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేసి, కొన్నిటిని పల్చటి పాలిథీన్ పొరతో కప్పాడు. తడి ఆరకుండా కప్పిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. గాలికి వదిలిన చోట పక్కు కట్టడంతో, కొత్త చర్మం ఆ ఎండిన పొర కిందకి దిగి దారి వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ రోజు వాడే జెల్, ఫోమ్ కట్ల వెనుక ఉన్న ఆలోచనకు అది ఆధారం. కాబట్టి "తడి తగలకూడదు" అన్న మాటను పట్టుకుని మిమ్మల్ని తప్పుపట్టడం సరికాదు. చెమ్మ ఉండాలి. అయితే చెమ్మ వేరు, నానిపోవడం వేరు.

మీరు వాడిన జెల్‌లో చాలా భాగం నీళ్లే. ఆ నీటిని పొడవాటి అణువుల వల పట్టి ఉంచుతుంది. సబ్జా గింజలు నీళ్లలో వేస్తే చుట్టూ జిగురు పొర ఎలా ఉబ్బుతుందో, ఇదీ అలాంటిదే. ఎండిన పుండు మీద పెడితే నీటిని పుండుకి ఇస్తుంది. నల్లటి పక్కు, పసుపు పచ్చటి చచ్చిన కణజాలం ఆ నీటితో మెత్తబడతాయి. అప్పుడు మన ఒంట్లో ఉండే ఎంజైములే వాటిని కరిగించి విడదీస్తాయి. మొదటి రెండు వారాల్లో మీరు చూసింది అదే. అంటే జెల్ తన పని చేసింది, మీరు కూడా సరిగ్గానే చేశారు. పక్కు ఊడిపోయి రసి మొదలయ్యాక మాత్రం పుండు అవసరం మారిపోయింది. తనకే నీళ్లు ఎక్కువైన పుండుకు ఇంకా నీళ్లిస్తే ఆ నీరు పక్కనున్న మంచి చర్మంలోకి దిగుతుంది. అంచులు తెల్లబడింది బహుశా అందుకే.

బహుశా అని ఎందుకంటున్నానంటే, రసి పెరగడానికి ఇంకో కారణం ఉండొచ్చు. లోపల చీము పట్టినా, ఎముక దాకా దెబ్బతిన్నా రసి ఎక్కువవుతుంది. అప్పుడు జెల్ పెట్టినా, పౌడర్ చల్లినా, ఏమీ పెట్టకపోయినా ఇదే జరిగేది. ఇది ఉత్తరం చదివి చెప్పగలిగింది కాదు. డాక్టరు మొద్దుగా ఉండే చిన్న లోహపు పుల్లతో పుండు లోతు చూస్తారు. ఎముక గట్టిగా తగిలితే ఎక్స్‌రే తీయిస్తారు. ఆ పరీక్ష కాకుండా "జెల్ వల్లే" అని మీ ఆడపడుచూ అనలేదు, "జెల్ వల్ల కాదు" అని నేనూ అనలేను.

మిమ్మల్ని ఇరకాటంలో పెట్టిన అసలు సంగతి వేరే ఉందనిపిస్తోంది. ఆ ట్యూబుతో పాటు, పుండు రూపు మారితే ఆపాలని చెప్పే మనిషి మీకు దొరకలేదు. ఆసుపత్రిలో అయితే కట్టు విప్పిన ప్రతిసారీ పుండును చూసి ఆ రోజు ఏం పెట్టాలో నిర్ణయిస్తాం. ఎండిపోయి ఉంటే జెల్. రసి ఎక్కువగా ఉంటే ఆల్జినేట్ అనే మెత్తటి పీచు కట్టు. దాన్ని సముద్రపు నాచు నుంచి తీస్తారు, అది రసిని పీల్చుకుని తనే జెల్‌గా మారుతుంది. లేదంటే స్పాంజిలాంటి ఫోమ్ కట్టు. మీ మరిది మంచి మనసుతోనే పంపాడు, కానీ వీడియో కాల్‌లో వాసన తెలియదు, అంచులు ఎంత నానాయో కనబడదు.

డాక్టరు చూశాక, ముందుముందు మళ్లీ జెల్ అవసరమన్నారనుకోండి. పుండు గుంటలో మాత్రమే పెట్టాలి, చుట్టూ చర్మానికి అంటకూడదు. దాని మీద ఒట్టి గాజుగుడ్డ వేస్తే గుడ్డే జెల్‌లోని నీటిని లాగేసుకుంటుంది, అందుకని పల్చటి ప్లాస్టిక్ ఫిల్మో, ఫోమో పైన వేస్తారు. సామాన్యంగా ఒకటి నుంచి మూడు రోజులకోసారి మారుస్తారు, రసిని బట్టి. ఇంకొకటి, ఈ ట్యూబుల్లో చాలావరకు ఒక్కసారి వాడి పారేయడానికి తయారు చేసినవే. తెరిచిన ట్యూబు మూత పెట్టి వారం దాచుకుంటే లోపల క్రిములు చేరతాయి. డబ్బా మీద రెండు అంకెకు అడ్డగీత గీసిన గుర్తు ఉందేమో చూడండి, ఉంటే అది ఒకసారికే. మీ ఉత్తరంలో ఈ సంగతి లేదు కాబట్టి గుర్తుచేస్తున్నాను.

డైపర్ పొడి మాత్రం పుండులో వేయనివ్వకండి. మీ వారి ఆలోచనలో కొంత తర్కం ఉంది. అది సోడియం పాలీఅక్రిలేట్, శుద్ధమైన నీటినైతే తన బరువుకు కొన్ని వందల రెట్లు పీలుస్తుంది. ఉప్పు కలిసిన ద్రవంలో, అంటే మూత్రంలోనో రసిలోనో, ఆ శక్తి చాలా తగ్గిపోతుంది. ఆ పొడి క్రిములు లేకుండా శుద్ధి చేసినది కాదు, పుండులో చిక్కుకుంటే తీయడం కష్టం. అదే పదార్థాన్ని బయటికి రాకుండా పొరల మధ్య బంధించి చేసిన కట్లు ఆసుపత్రుల్లో ఉన్నాయి. కావాలంటే డాక్టరు అవే రాస్తారు.

మరిది చెబుతున్న రెండో జెల్ గురించి. బహుశా అది బెకాప్లెర్మిన్, ఒక పెరుగుదల ప్రొటీన్ కలిపిన జెల్. అమెరికాలో 1997లో షుగర్ పుండ్లకు అనుమతించారు. నిజమైన మందే. రక్తం బాగా ఆడుతున్న పాదంలో, చచ్చిన కణజాలం తీసేసి శుభ్రంగా ఉన్న పుండు మీదే దాని ప్రయోజనం. దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి. సూట్‌కేసులో వచ్చేది కాదు, చీము ఉందో లేదో తెలియని పుండు మీద పెట్టేదీ కాదు. "ఇక్కడి డాక్టరు రాస్తే అప్పుడు అడుగుతాను" అని అతనికి చెప్పండి చాలు. పంపాలని అంత ఆరాటంగా ఉంటే, ఆ డబ్బు పరీక్షలకూ చెప్పులకూ పంపమనండి. అవే ఇప్పుడు ముఖ్యం.

చెప్పుల దగ్గరికే వస్తున్నాను. మీ ఉత్తరంలో జెల్ గురించి రెండు పేజీలు, చెప్పుల గురించి ఒక్క వాక్యం. నా దృష్టిలో ఆ వాక్యమే పెద్దది. పుండు ఉన్నది బొటనవేలి మొదట్లో, అరికాలికి. నడిచే ప్రతి అడుగులో ఒంటి బరువు చివరికి అక్కడే పడుతుంది. స్పర్శ లేదు కాబట్టి ఆవిడకు నొప్పి తెలియదు, కుంటరు, ఆ కాలును కాపాడుకోరు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వంటింటికీ పెరట్లోకీ పూజగదికీ వట్టి కాళ్లతో ఆ పుండు మీదే నడుస్తున్నారు. పైన ఏ జెల్ పెట్టినా కింద రోజూ కొత్త దెబ్బ తగులుతూనే ఉంది.

ఈ సంగతి వైద్యులకు బాగా అర్థమవడంలో మన పక్కనే తమిళనాడులో ఉన్న వెల్లూరుకి పెద్ద పాత్ర ఉంది. డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) వచ్చి కుష్ఠు రోగులకు వైద్యం చేశారు. స్పర్శ పోయిన పాదాల్లో మాంసం దానంతటదే కుళ్లిపోవడం లేదని, నొప్పి తెలియక అదే చోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడడం వల్ల పుండ్లు పడుతున్నాయని ఆయన చూపించారు. మోకాలి కింది నుంచి పాదమంతా ఒంటికి అతుక్కునేలా పిండికట్టు వేసి బరువును పంచేస్తే ఆ పుండ్లు మానేవి. తర్వాత ఆయన అమెరికాలో లూసియానాలోని కార్‌విల్‌కి వెళ్లాక ఆ పద్ధతి అక్కడి షుగర్ రోగుల పాదాలకూ వాడుకలోకి వచ్చింది. దాన్నే టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటారు. అరికాలి పుండ్లకు ఇప్పటికీ పైస్థాయి వైద్యం అదే. చీము ఉన్నా, రక్తప్రసారం బాగా తగ్గి ఉన్నా వేయరు. అందుకే ముందు పరీక్ష.

రక్తప్రసారం సంగతి ఇంకోటి. కాలికీ చేతికీ బీపీ పోల్చి చూసే పరీక్ష, రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ ఉంటాయి. మీ అత్తగారికి చేశారో లేదో మీరు రాయలేదు. రక్తం సరిగా చేరని కాలిలో వేలు ఎండి నల్లబడితే, దాన్ని పొడిగానే ఉంచాలి, జెల్ పెట్టి నానబెట్టకూడదు. కాబట్టి ఆరబెట్టాలనే మాట పూర్తిగా తీసిపారేసేది కాదు. ఆర్‌ఎంపీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే ఆయన్ని చిన్నబుచ్చకుండా మాట్లాడొచ్చు. పెరాక్సైడ్ మాత్రం మానేయమని అడగండి. అది క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న కణాలనూ చంపుతుంది. కడగడానికి మామూలు సెలైన్ చాలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, ఒకసారి పెద్ద ఆసుపత్రిలో పూర్తిగా చూపించి, వాళ్లు రాసిచ్చిన ప్రకారం ఇంట్లో మీరే కట్టు కట్టడం. ఏలూరు, రాజమండ్రి, కాకినాడల్లో ప్రభుత్వ బోధనాసుపత్రులు ఉన్నాయి. సర్జరీ ఓపీకి వెళ్లొచ్చు. ఆనెను కూడా అక్కడే చెక్కి తీస్తారు, ఇంట్లో బ్లేడు పెట్టకండి. ఇందులో ఖర్చు తక్కువ, అత్తగారు ఇంటి దగ్గరే ఉంటారు. కష్టమేమిటంటే పని మళ్లీ మీదే, మాటలు పడేదీ మీరే. అందుకని ఈ దారిలో వెళితే రాతపూర్వకమైన సూచన లేకుండా కట్టు ముట్టుకోకండి. వారానికోసారి, అదే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టండి. సరైన వైద్యం మొదలైన నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగానికైనా తగ్గకపోతే ఆ పద్ధతిని మళ్లీ ఆలోచించాలని డాక్టర్లు అనుకుంటారు. ఆ ఫొటోలుంటే మీ మాటకు బలం ఉంటుంది, ఫోన్లో అరిచేవాళ్లు కూడా కళ్లతో చూస్తారు.

రెండోది, కొన్నాళ్లు ఆసుపత్రిలో చేర్చడం. చీము ఉందని తేలితే ఇది మీరు ఎంచుకునేది కాదు, తప్పనిసరి. లేకపోయినా, ఇంట్లో ఉంటే ఆవిడ నడవడం ఆపరు అనిపిస్తే దీని గురించి ఆలోచించొచ్చు. షుగర్ అదుపులోకి వస్తుంది, కాలికి విశ్రాంతి దొరుకుతుంది. తోడు ఎవరుంటారన్నది సమస్య. మీ కుట్టుపని ఆగిపోతుంది. ఆడపడుచు వారమైనా వచ్చి ఉండగలరేమో మీ వారిచేత అడిగించండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే అడగండి.

మూడోది, కట్టు పని మీరు వదిలేసి, దగ్గర్లోని ఆసుపత్రి నర్సుచేత కట్టించడం. వెళ్లిరావడానికి ఆటో ఖర్చు, ఆవిడ విసుగు ఉంటాయి. మొదట్లో "చేతులు దులుపుకుంది" అనే మాట కూడా రావచ్చు. కానీ పుండు మంచిచెడ్డలు మీ ఒక్కరి మెడకు చుట్టుకోవు, రాత్రి మీకు నిద్ర పడుతుంది. ఇన్నాళ్లు చేసిన మనిషి అలసిపోతే అది ప్రేమ లేకపోవడం కాదు. ఈ దారి తీసుకుంటే చెప్పే విధానం ముఖ్యం. "నేను చేయను" అనకుండా, "ఈ దశలో ఇది చేయి తిరిగినవాళ్లు చేయాల్సిన పని, తీసుకెళ్లి తీసుకురావడం నేను చేస్తాను" అనండి.

ఆకు పసరు గురించి అడిగారు. దారి ఏదైనా, తెరిచి ఉన్న పుండు మీద నూరిన పచ్చి ఆకు పెట్టనివ్వకండి. మట్టిలో ఉండే క్రిములు దానితో పాటే వస్తాయి.

ఆవిడ భయం వెనుక ఉన్నది కొత్తదంటే అపనమ్మకం. దానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఆవిడకు రెండేళ్ల క్రితం శుక్లాల ఆపరేషన్ అయిందనీ, ఇప్పటికీ కళ్లు పొడిబారితే చుక్కలు వేసుకుంటారనీ రాశారు. ఆ చుక్కల సీసా మీద కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అని ఉందేమో చూడండి. చాలావాటిలో అదే ఉంటుంది, చాలా రకాల పుండ్ల జెల్‌లోనూ అదే ఉంటుంది. పత్తి, కలప పీచు నుంచి తీసే పదార్థం అది. శుక్లాల ఆపరేషన్‌లో కూడా కంట్లో ఒక జెల్ నింపి, కన్ను లోపలి పొరలను కాపాడుతూ పని చేస్తారు. ఈసీజీ తీసేటప్పుడు ఛాతీకి అంటించే స్టిక్కర్ల అడుగున ఉండేదీ జెల్లే. మలబద్ధకానికి తాగే ఇసబ్‌గోల్ నీళ్లలో ఉబ్బి జెల్ కాబట్టే పనిచేస్తుంది. వైద్యంలో ఈ పదార్థాలు నిన్న మొన్నటివి కావు. ప్రేగ్‌లో ఒట్టో విక్టర్లే, ద్రాహొస్లావ్ లిమ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఒంటికి సరిపడే నీటి జెల్ గురించి 1960లోనే ప్రకటించారు. మరుసటి ఏడాది విక్టర్లే తన ఇంట్లో, పిల్లల ఆటసామానుతో చేసిన యంత్రం మీద, మెత్తటి కాంటాక్ట్ లెన్సులు తయారు చేశాడు. "అత్తయ్యా, ఇది మీ కంట్లో రోజూ పడుతున్నదే" అని మీరు చూపిస్తే, నేను చెప్పిన దానికంటే ఆవిడకు బాగా ఎక్కుతుంది.

చెప్పుల పట్టింపుని కూడా కొట్టిపారేయకండి, అది ఆవిడ భక్తి. షుగర్ పాదాలకు ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన చెప్పులు దొరుకుతాయి. కొత్త జత కొని, గడప దాటనివ్వకుండా ఇంటికే పరిమితం చేయండి. బయటి దుమ్ము తగలని చెప్పులకు చాలామంది పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. పూజ కుర్చీలో కూర్చుని చేసుకునేలా పటాలు కొంచెం కిందికి దించండి. కానీ పుండు ఉన్నంతకాలం ఈ చెప్పులు ఒక్కటే సరిపోవు. బరువు పూర్తిగా తప్పించడానికి పిండికట్టో ప్రత్యేకమైన బూటో అవసరమేమో డాక్టరును మీరే అడగండి. ఓపీ రద్దీలో వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు. రక్తప్రసారం పరీక్ష గురించి కూడా అడగండి.

ఇక ఆడపడుచు మాట. ఆవిడ భయంతో అంది, దూరంలో ఉండి ఏమీ చేయలేకపోతున్నానన్న బాధతో అంది. అయినా ఆ మాట మీకు తగిలింది, తగలకుండా ఎలా ఉంటుంది? దానికి జవాబు మీరు చెప్పాల్సిన పని లేదు, మీ వారు చెప్పాలి. ఆయన మౌనంగా ఉన్నకొద్దీ తప్పంతా మీదేనని అందరూ అనుకుంటారు. ఒక పూట తీరిగ్గా కూర్చోబెట్టి, "జెల్ పెడదామన్నది మీ తమ్ముడు, సరే అన్నది మనందరం, పెట్టిన చెయ్యి నాది. ఈ మాట మీ చెల్లెలికి మీరు చెప్పండి" అని అడగండి. ఆసుపత్రికి వెళ్లే రోజు డాక్టరు గదిలో ఉండగానే ఆడపడుచుకు వీడియో కాల్ కలపమనండి. డాక్టరు ఒప్పుకుంటే ఆవిడ సందేహాలు నేరుగా ఆయన్నే అడుగుతుంది. వెళ్లేటప్పుడు వాడిన జెల్ ట్యూబు, దాని డబ్బా, షుగర్ చీటీలు, వాడుతున్న మాత్రలు సంచిలో పెట్టుకోండి. అత్తగారిని గుమ్మం నుంచే ఆటో ఎక్కించండి, ఆసుపత్రి లోపల వీల్‌చైర్ అడగండి.